నీళ్లు కారని ఉయ్యాల

నేను వడ్రంగిని. పేరు నూర్ అహ్మద్. ఇరవై రెండేళ్లు దుబాయిలో చెక్క పడవలు బాగుచేశాను. ప్రొద్దుటూరులో ఈ మాట చెబితే నవ్వుతారు. మా పెన్నలో ఏడాదికి ఎన్నాళ్లు నీళ్లుంటాయి గనక!

చివరగా నా చేతికొచ్చిన పడవ 'రహమత్'. మొదట్లో తెరచాపతో మంగళూరు పెంకులు అటు, ఖర్జూరాలు ఇటు మోసిందట. తర్వాత తెరచాప తీసేసి ఇంజిను పెట్టారు. ఒక తుఫానులో అడుగున నీళ్లు నిండి, అక్కడ నిద్రపోతున్న తొమ్మిది మంది పైకి రాలేకపోయారు. పడవ మాత్రం మునగలేదు. దాన్ని విప్పేసిన రోజు నాలుగు పలకలు కార్గోలో ఇంటికి పంపాను.

"వద్దు మామా, ఆ చెక్క ఇంట్లో పెట్టగాకు" అన్నాడు తోటి పనివాడు ఖాజా.

మంచి టేకు. వదలబుద్ధి కాలేదు.

మా కూతురు రిహానాకు పెళ్లయిన తొమ్మిదేళ్లకు ఉమైర్ పుట్టాడు. ఆ పలకలతోనే వాడికి ఉయ్యాల తొట్టి చేశాను. మే నెల ఎండకు పలకల మధ్య సందులు విచ్చుకున్నాయి. పడవకు చేసేదే దానికీ చేశాను. నూనెలో నానబెట్టిన దూదిని సందుల్లో ఉలితో దిగగొట్టాను. ఇక చుక్క నీరు కారదు. నా పనితనానికి నేనే మురిసిపోయాను, తెలివితక్కువవాణ్ణి.

మరునాటి మధ్యాహ్నం కరెంటు పోయింది. వాడు గదిలో నిద్రపోతున్నాడు. వసారాలో ఉన్న నాకు వాసన తగిలింది... చేపలు, తడి తాళ్లు. తర్వాత చిన్న చప్పుడు. గల... గల.

"రిహానా, నీళ్లు పోస్తాండావా?"

"లేదబ్బా. నేను వంటింట్లో ఉండా."

పరుగెత్తాను. ఉయ్యాల బరువుకు కిందికి వేలాడుతోంది. అంచుదాకా నల్లటి నీళ్లు. పైన వాడి ముక్కు మాత్రమే... ఏడవడం లేదు.

లాగి భుజాన వేసుకున్నాను. కక్కాడు. ఏడ్చాడు. నా ప్రాణం తిరిగొచ్చింది.

"ఏంది జీ ఇది? యాడివి ఈ నీళ్లు?" గుసగుసగా అడిగింది నా భార్య బిస్మిల్లా బీ.

వేలు ముంచి నాలుకకు తగిలించాను. ఉప్పు. మామూలు ఉయ్యాలైతే ఆ నీళ్లు కారిపోయేవి. దారి మూసింది నేనే.

ఆ సాయంత్రమే దాన్ని పెన్న ఇసుకలో కాల్చేశాను.

ఈ రోజు పొద్దున రిహానా గది తలుపు తెరుచుకోలేదు. భుజంతో నెడితే వచ్చింది. తల్లీబిడ్డలు హాయిగా నిద్రపోతున్నారు. నా చేతికి ఏదో జిడ్డుగా అంటింది.

తలుపు అంచుల నిండా నూనె దూది. కిటికీ చుట్టూ కూడా. నాకంటే నేర్పుగా... లోపలి నుంచి దిగగొట్టారు.

గడప దగ్గర జానెడు సందు మాత్రం ఇంకా మూయకుండా మిగిలింది.