రాబియా తవ్విన కుండీ

ఆ పొద్దున కూడా మబ్బులు కిషన్‌బాగ్ మీదికి వచ్చాయి. కాసేపు నల్లగా నిలబడ్డాయి. చుక్క రాల్చకుండానే బహదూర్‌పురా వైపు వెళ్లిపోయాయి.

రాబియా కాలు ఒకచోట నిలవడం లేదు. వంటింట్లోకి, గోడవార కుండీ దగ్గరికి, మళ్లీ గుమ్మంలోకి తిరుగుతోంది.

కుండీలో నానీ, అంటే అమ్మమ్మ, పెంచుకునే గడ్డ ఉంది. చూడ్డానికి చేమగడ్డే. కానీ వానాకాలంలో దాని ఆకుల మీద బియ్యం చల్లినట్టు తెల్ల మచ్చలు వస్తాయి. నడుమ ఎర్ర ఈనెలు. ఎండ పడితే మాడిపోతాయి. అందుకే ఎత్తు గోడ నీడలో పెట్టారు. చలికాలంలో ఆకులు ఎండిపోయి, గడ్డ వానల దాకా మట్టిలో నిద్రపోతుంది. నానీ వాళ్లమ్మ ఇచ్చిన గడ్డ అది. ఇంకొకటి లేదు.

పాలు తెచ్చిన ఎల్లమ్మ కుండీలోకి తొంగి చూసింది. ఆ పిల్లదీ రాబియా ఈడే.

"ఏందే, ఇంకా మొలకే లేదు? గది సచ్చినట్టుంది."

"నీ మొఖం! బతికే ఉంది. నిన్న తవ్వి చూసిన."

"నిన్నటి సంగతి సరే. ఇయ్యాల?"

ఎల్లమ్మ అటు వెళ్లగానే రాబియా గరిటె కాడతో మట్టి తీసింది. గడ్డను పైకి లాగింది. టక్కుమంది. తెల్లటి మొలక విరిగి అరచేతిలో పడింది.

గబగబా గడ్డను పూడ్చింది. మొలకను పిడికిట్లో దాచింది.

"ఏంది బేటీ, పిడికిలి ఇప్పవు?" అంది నానీ, వెనక నుంచి.

రాబియా విప్పింది. "నేనే ఇరగ్గొట్టిన నానీ. రోజూ తవ్వి చూసిన."

నానీ మొలకను చూసింది. తర్వాత అరచేతిని చూసింది. మొన్నటి షాదీకి అక్క సలీమాతో పాటు పెట్టుకున్న మెహందీ లేతగా వెలిసిపోయి ఉంది.

"మీ సలీమా ఆపా చెయ్యి మస్తు ఎర్రగ పండింది. నీదెందుకు పండలే?"

"ఆరకముందే గీకి గీకి చూసిన."

నానీ గడ్డను తీసి తిప్పింది. ఒక పక్కన చిన్న బుడిపె ఉంది.

"ఇంకో కన్నుంది. వస్తే వస్తది," అని మళ్లీ పాతింది.

తర్వాత వానలు పడ్డాయి. రాబియా రాత్రీ పగలూ ఆ కన్ను గురించే ఆలోచించింది. చేతులు దురద పెట్టినట్టుండేవి. వెనక్కి కట్టుకుని తిరిగింది.

ఒకరోజు ఎల్లమ్మ పుల్ల పట్టుకుని కుండీ మీదికి వంగింది. "జర చూద్దామా?"

రాబియా ఆమె చెయ్యి పట్టుకుంది. "వద్దు. పండుకోనియ్యి దాన్ని."

ఆ మధ్యాహ్నం అన్నం తినడానికి వసారాలో దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచారు. రాబియా ఎప్పుడూ కుండీకి ఎదురుగా కూర్చునేది. ఆ రోజు కుండీకి వీపు పెట్టి కూర్చుంది.

అన్నంలో పప్పు వడ్డిస్తూ నానీ తలెత్తింది. రాబియా భుజం మీదుగా చూసింది. గోడ నీడలో, తడి మట్టిని చీల్చుకుని, చుట్టుకున్న ఆకు కొన ఒకటి నిలబడి ఉంది.

నానీ రాబియాకు ఇంకో గరిటె పప్పు వేసింది.

రాబియా వెనక్కి తిరగలేదు. పప్పు కలుపుకుని తినసాగింది.