తోదిరాష్ గీసిన ఆఖరి సూర్యోదయం

తూటా తోదిరాష్ గొంతులో దిగాకే చప్పుడు వినిపించింది. డాన్యూబ్ నది మీద పొడుస్తున్న సూర్యుడి బొమ్మ గీస్తున్న ముసలాయన, కుంచె వదలకుండానే కూలిపోయాడు. చిమ్మిన నెత్తురు బొమ్మలోని నది మీద పడింది.

"బ్రయిలా రేవుకి వెళ్ళు," అన్నాడు కర్నల్ ప్రొదాన్. "చంపింది సరిహద్దు అవతలి ముఠా. ఎందుకో తెలీదు. ఆ ముఠాలో మన మనిషి జెనోవియా ఉంది. కోడ్ వర్డ్, 'వాన రాలేదు'."

ఏజెంట్ ఒక్తావ్ బుర్లాకుకి ఒళ్ళు మండిపోయింది. తోదిరాష్ జీవితమంతా నదిలో ఓడలకు దారి చూపే పైలట్‌గా పనిచేసి, రిటైరై, బొమ్మలు గీసుకుంటున్నవాడు. ఏ రహస్యమూ ఎరగడు. అలాంటివాణ్ణి చంపి ఎవడేం బావుకున్నట్టు?

పూడ్చిపెట్టాక భోజనాలు రేవులో కట్టేసిన పైలట్ల క్లబ్బు పడవ మీద పెట్టారు. ఊళ్ళోని పైలట్లంతా వచ్చారు. ఆ ఆఖరి బొమ్మ బంగారప్పూతతో తళతళలాడే కొత్త ఫ్రేములో గోడకి వేలాడుతోంది. ఫ్రేము తెచ్చింది ముసలాయన శిష్యురాలి వేషంలో ఉన్న జెనోవియా. నల్లబట్టల్లో కూడా చూపు తిప్పుకోనివ్వని అందం ఆమెది.

"వాన రాలేదు," అంటూ ఒక్తావ్ పక్కన కూర్చుంది. తాను ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగానని, ఒక్క గ్లాసు తాగి వెళ్ళిపోతానని చెప్పింది. యాస అచ్చం ఇక్కడిదే. ఒక్తావ్ నమ్మేశాడు.

తోదిరాష్ భార్య ఆరికా అందరికీ వైన్ పోసింది. జెనోవియా గ్లాసెత్తి, ఒక్తావ్ గ్లాసుకి టంగుమని తాకించింది.

బల్ల చుట్టూ మాటలాగిపోయాయి. చావు భోజనంలో గ్లాసులు తాకించే మనిషి ఈ దేశంలోనే పుట్టి ఉండదు. శిక్షణలో ఆమెకి యాస నేర్పారు, పాటలు నేర్పారు, ఇది మాత్రం మరిచిపోయారు.

"నీది ఏ ఊరు?" అన్నాడు ఒక్తావ్ మెల్లగా.

ఆమె సంచీలోంచి తీసిన లిప్‌స్టిక్ తుపాకీలా పేలింది. అతని భుజం చీలిపోయింది. అడ్డొచ్చిన పైలట్ కడుపులో కత్తి దింపి, దాన్ని పెరుక్కుని తలుపు వైపు దూకింది. ఒక్తావ్ జుట్టు పట్టి వెనక్కి లాగాడు. ఆమె అతని మణికట్టు ఎముక తగిలేదాకా కొరికింది. అతను ఆ కత్తే లాక్కుని ఆమె పక్కటెముకల్లో పొడిచాడు.

"ముసలాడు నాకెందుకు?" నెత్తురు కక్కుతూనే నవ్విందామె. "మీ పైలట్లందర్నీ ఒక్కచోటికి పిలవాలంటే వాడు చావాలి. రేపట్నుంచి మీ రేవులో ఓడలెవడు నడుపుతాడు?"

చచ్చేముందు ఆమె చూపు గోడ మీదికి పోయింది. ఫ్రేములోంచి సన్నగా టిక్కుటిక్కుమని చప్పుడొస్తోంది.

ఒక్తావ్ బొమ్మని పెరికి కిటికీ దగ్గరికి పరిగెత్తాడు. ఆరికా చెయ్యి పట్టుకుంది.

"పారెయ్యకు నాయనా. ఆయన నెత్తురుంది దాంట్లో."

వదిలించుకుని విసిరెయ్యాల్సింది. తెలివితక్కువతనమే, కానీ అతనికి చేతులు రాలేదు. కత్తితో నాలుగు వైపులా బొమ్మ గీసిన బట్టని కోసి లాగి, ఒట్టి ఫ్రేముని బయటికి విసిరాడు. అది నీళ్ళని తాకకముందే పేలింది. అద్దాలన్నీ పగిలి, నది లేచి అందరి మొహాల మీదా కొట్టింది.

దెబ్బ తిన్న పైలట్‌ని ఆస్పత్రికి మోసుకెళ్ళారు. ఆరికా బొమ్మ మీది గాజుపెంకులు ఏరి, దాన్ని గుండెలకి హత్తుకుంది. ఫ్రేము పోయినందుకు ఏమనుకోవద్దన్నాడు ఒక్తావ్, ఏం మాట్లాడాలో తెలియక.

"పోనీలే నాయనా," అందామె. "అంత బంగారప్పూత మా ఆయనకి ఎటూ నచ్చేది కాదు."