పిండిమర మలుపులో దిగే పిల్లలు

ఆ మలుపుకు మంచి పేరు లేదు.

పిండిమర మూతపడి ఎన్నేళ్లయిందో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు గానీ, దాని చెడ్డపేరు మాత్రం ఏ యేటికాయేడు కొత్తగానే ఉండేది. మర తిరిగే రోజుల్లో బెల్టులో చెయ్యి ఇరుక్కుని ఒకావిడ పోయిందని కొందరు. అది కాదు, బడి నుంచి వచ్చే పిల్లల కోసం ఎదురుచూస్తూ నిలబడ్డ మనిషిని లారీ కొట్టేసిందని కొందరు. ఎవరు ఎలా మొదలుపెట్టినా ముగింపు ఒకటే — చీకటి పడ్డాక ఆ రేకుల షెడ్డు కింద ఎవరో నిలబడి ఉంటారు.

మరి చూసిందెవరయ్యా అంటే… అందరూ విన్నవాళ్లే.

ఇదీ విన్న కథే. కాకపోతే, బస్సు దిగి ఆ షెడ్డు కిందికి నడిచి వెళ్లిన మనిషి నోటి నుంచి వచ్చిన కథ.

బడి బస్సుకు అదే ఆఖరి స్టాపు. పిల్లల్ని ఎక్కించి దించే పనికి ఆ చలికాలం కొత్తగా ఒకావిడ చేరింది. పిల్లలంతా ఆయమ్మ అనేవారు. యాభై దాటిన మనిషి. అంతకుముందు ఇరవై ఏళ్లు ఒక బట్టలకొట్టు వెనకగదిలో కుట్టుమిషను తొక్కింది. కొట్టు ఎత్తేశాక ఈ పనికి వచ్చింది. దెయ్యాలంటే ఆవిడకు భయం లేదు. మనుషులంటేనే నమ్మకం తక్కువ.

బస్సులో ఒక నియమం ఉంది. పదేళ్లలోపు పిల్లల్ని, స్టాపులో ఇంటి పెద్ద ఎవరైనా కనిపిస్తేనే దించాలి. లేకపోతే బడికి వెనక్కి తీసుకుపోవాలి. అలా మూడుసార్లయితే బస్సులో సీటు పోతుంది. ఏ పిల్ల ఎక్కడ దిగాలి, ఎవరు వస్తారు — అంతా ఒక కాగితం మీద రాసి అట్టకు క్లిప్పు పెట్టి ఆయమ్మ చేతికిచ్చారు. ఆఖరి వరసలో ఇలా ఉంది: అక్క, తమ్ముడు. పిండిమర. నాయనమ్మ వస్తుంది.

అక్కకు ఎనిమిదేళ్లు. తమ్ముడికి ఐదు.

మొదటిరోజు బస్సు ఆ మలుపులో ఆగేసరికి పొద్దు పూర్తిగా గూకింది. వీధిదీపం లేదు. రోడ్డుకు ముప్ఫై అడుగుల అవతల, షెడ్డు కింద ఒక ముసలావిడ నిలబడి ఉంది. పొడుగాటి కోటు, తలకు చుట్టిన శాలువా, పక్కన ఆనించిన గొడుగు. పిల్లలు దిగి అటే పరిగెత్తారు.

"పెద్దమ్మా, జాగ్రత్తగా తీసుకెళ్లండి" అని కేకేసింది ఆయమ్మ.

జవాబు లేదు.

డ్రైవరు ఎదుటి అద్దంలోంచి రోడ్డునే చూస్తున్నాడు. ఇంజను ఆపలేదు. "పలకరించకక్కా" అన్నాడు మెల్లగా. అసలే పొదుపుగా మాట్లాడే మనిషి. నవ్వులాటకు నోరు విప్పినవాడు కాదు. ఆ షెడ్డు వైపు తల తిప్పడం అతనికి అలవాటే లేదని నాలుగు రోజులు గమనించాక ఆవిడకు అర్థమైంది.

ఆయమ్మ మాత్రం చూసేది. చూసేకొద్దీ ఏదో సరిపడేది కాదు.

ఆ ముసలావిడ ఒక్క అడుగు ముందుకు వెయ్యదు. చలిగాలి ఈడ్చి కొడుతున్నా ఒళ్లు ముడుచుకోదు. నిన్న నిలబడ్డచోటే ఇవాళా, ఇవాళ్టి చోటే రేపూ. వీటన్నిటికంటే ఆ భుజాలు… ఇరవై ఏళ్లు కొలతలు తీసిన కళ్లు అవి. ఆ వయసులో ఎవరికైనా భుజం కాస్త జారుతుంది. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ ఉంటుంది. ఈ భుజాలు గీత గీసినట్టున్నాయి.

పొద్దునపూట పిల్లల్ని ఎక్కించడానికి వాళ్ల అమ్మ వచ్చేది. ఒకరోజు ఆయమ్మ అడిగింది, మీ అత్తగారు పిలిస్తే పలకరేమని. ఆమెకు చెముడని చెప్పి, అటు తిరిగి పిల్లాడి గుండీలు పెట్టడం మొదలుపెట్టింది ఆ తల్లి. గుండీలు అప్పటికే పెట్టి ఉన్నాయి.

పిల్లను కదిపితే అప్పచెప్పిన పాఠంలా వచ్చింది జవాబు: నాయనమ్మకు మోకాళ్ల నొప్పులు, అందుకే ముందుకు రాదు. తమ్ముడు ఏదో చెప్పబోయాడు. "నాయనమ్మకి మరేమో కాళ్లు…" అక్క వాడి తొడ మీద గట్టిగా గిల్లింది. వాడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడే గాని మళ్లీ నోరెత్తలేదు.

ఐదేళ్లవాడు నోరు మూసుకున్నాడంటే, వెనక ఎవరో పెద్దవాళ్లే మూయించి ఉండాలి. ఎవరు? ఎందుకు?

పాత ఆయమ్మ ఎందుకు మానేసిందని డ్రైవర్ని అడిగింది. అతను గేరు మార్చాడు. ఆవిడ కూడా నీలాగే అటు చూసేదన్నాడు.

ఆ గురువారం ఆయమ్మ బస్సు వెనక సీటుకు వెళ్లి అద్దం మీది ఆవిరి తుడిచి చూసింది. పిల్లలు షెడ్డు దాకా పరిగెత్తారు. ముసలావిడ ముందు ఒక్క క్షణం ఆగారు. తర్వాత ఇద్దరే, చేతులు పట్టుకుని, గోడ మలుపు తిరిగి కనిపించకుండా పోయారు.

ఆవిడ అక్కడే ఉంది.

పిల్లలు వెళ్లిపోయారు… తీసుకెళ్లడానికి వచ్చిన మనిషి మాత్రం కదల్లేదు. బస్సు వైపే తిరిగి నిలబడి ఉంది.

ఆ రాత్రి ఆయమ్మకు కంటిమీద కునుకు లేదు. దెయ్యమైతే దాని ఖర్మ. మనిషైతే? పసిపిల్లల్ని చీకట్లో వదిలేసి, బస్సు వెళ్లేదాకా కాపు కాసే మనిషికి ఆ పిల్లలతో పనేమిటి? గోడ అవతల ఇంకెవరున్నారు? రేపు ఏదైనా జరగరానిది జరిగితే, ఆ పిల్లల్ని దించిన చెయ్యి ఎవరిది? తనదే కదా.

శుక్రవారం మంచు బాగా పట్టింది. బస్సు లైట్ల వెలుగు ఇరవై అడుగులు దాటడం లేదు. పిల్లలు దిగారు. వాళ్ల వెనకే ఆయమ్మ కూడా కాలు కింద పెట్టింది.

"అక్కా… వద్దు" అన్నాడు డ్రైవరు.

"రెండు నిమిషాలు ఆగు తమ్ముడూ."

ఫోన్లో లైటు వేసుకుంది. కాళ్ల కింద కంకర. ఎప్పుడో గోతాల్లోంచి రాలి గట్టిపడిన పిండి చారికలు. రేకుల మీద మంచు చుక్కలుగా జారి ఎక్కడో టప్… టప్… మని పడుతోంది. పిల్లల అడుగుల చప్పుడు ముందు వినిపించింది. తర్వాత ఆగిపోయింది.

ఆకారం అలాగే ఉంది. ఇరవై అడుగులు… పది…

"పెద్దమ్మా" అంది.

కదలిక లేదు.

అయిదడుగుల దూరంలో లైటు పైకెత్తింది. శాలువా కింద మొహం ఉండాల్సిన చోట… ఏమీ లేదు. నల్లగా బోలుగా ఉంది. వెనక్కి తిరిగి పరిగెత్తేదే. కానీ పిల్లలు ఇంకా ఇక్కడే ఎక్కడో ఉన్నారు. చెయ్యి చాచి కోటు చెయ్యి పట్టుకుంది.

లోపల చెయ్యి లేదు. ఒట్టి గుడ్డ… దాని వెనక గట్టిగా, చల్లగా, ఇనుము.

"లాగకండి ఆయమ్మా" అని చీకట్లోంచి సన్నటి గొంతు వినిపించింది. "పడిపోతుంది."

అక్క గోడ పక్కన నిలబడి ఉంది. తమ్ముడు ఆమె వెనక దాక్కున్నాడు.

అది గోతాలు మోసే పాత తోపుడుబండి. రెండు పిడులూ పైకి వచ్చేలా గోడకు నిలబెట్టి, అడ్డంగా కర్ర కట్టి, దానికి కోటు తొడిగారు. పైన మూతి కోసిన బక్కెట్టు, దాని చుట్టూ శాలువా. భుజాలు అంత తిన్నగా ఎందుకున్నాయో అప్పుడు తెలిసింది ఆవిడకు. భయం పోయి దాని జాగాలో కోపం వచ్చింది. కోటూ శాలువా ఊడదీసి చంకన పెట్టుకుంది. ఇంటికి పదండి అంది.

ఇల్లు గోడ మలుపు తిరిగాక, ఒక సందు దాటాక. ఒకటే గది. మంచం మీద నాయనమ్మ పడుకుని ఉంది — ప్రాణంతో, నిక్షేపంలా, నడుం నుంచి మోకాలి దాకా కట్టుతో. తుంటి విరిగి నాలుగు నెలలయిందట. పక్కకు ఒత్తిగిల్లాలన్నా ఇంకొకరు సాయం పట్టాలి.

ఆయమ్మ చంకలో కోటు చూడగానే ముసలావిడకు సంగతి అర్థమైంది. దాచలేదు. కొడుకు పోయాక కోడలే కొడుకై ఇల్లు నడుపుతోందని చెప్పింది. ఆసుపత్రిలో దుప్పట్లు, పరుపుగుడ్డలు ఉతికే చోట ఆమెకు పని. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రాత్రి ఎనిమిది దాకా. పనికి వెళుతూ కోటు తగిలించి, వచ్చేటప్పుడు తీసుకొస్తుందట. ఆలోచన మాత్రం కోడలిది కాదు, తనదే అంది. ఆమెను ఏమీ అనొద్దంది.

ఆయమ్మ ఊరుకోలేదు. అందరికీ భయమైన చోట, అంత చీకట్లో, ఇద్దరు పసివాళ్లను ఎలా నడిపిస్తున్నారని గట్టిగానే అడిగింది.

ముసలావిడ నవ్వింది. పళ్లు లేని నవ్వు.

"దెయ్యం పేరున్న చోటే మంచిదమ్మాయ్. అక్కడికి మనుషులు రారు. నా భయమంతా మనుషుల గురించే."

 ఆయమ్మకు తన మనసులో మాటే ఇంకొకరి నోట్లోంచి వచ్చినట్టుంది. అయినా లారీలకు దెయ్యాల భయం ఉండదు కదా అని మాత్రం అంది. ముసలావిడ నవ్వు ఆగింది. గోడ వైపు చూస్తూ, నాకు కాళ్లుంటే ఈ కోటుకు ఈ పని పెడతానా అంది.

పై వాళ్లకు చెప్తే సీటు పోతుంది. సీటు పోతే బడి పోతుంది, లేదా తల్లి పని పోతుంది. చెప్పకపోతే తన పని పోవచ్చు. ఆయమ్మ గోడకున్న మేకుకు కోటు తగిలించింది. ఇది ఇక ఇక్కణ్ణుంచి కదలకూడదని చెప్పింది. సోమవారం నుంచి ఆఖరి స్టాపులో తనే దిగి, పిల్లల్ని ఈ గడప దాకా దించి వెళతానంది. అక్కణ్ణుంచి తన ఇంటికి అరగంట నడక. ఆ సంగతి వాళ్లకు చెప్పలేదు.

తిరిగి వచ్చేసరికి బస్సు అక్కడే ఉంది. డ్రైవరు ఏమైందని అడగలేదు. పెద్దావిడకు నడవడం కష్టంగా ఉందట, ఇకనుంచి నేను కూడా దిగుతాను తమ్ముడూ అని మాత్రం చెప్పింది. కోటు సంగతి కడుపులోనే దాచుకుంది.

 సోమవారం పొద్దున తల్లి ఆయమ్మ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని వదిలేసింది, అంతే. ఆ సాయంత్రం ముగ్గురూ దిగారు. షెడ్డు కింద తోపుడుబండి మామూలు తోపుడుబండిలాగే ఉంది. వెనక నుంచి బస్సు లైట్లు దారి పొడుగునా వెలుగు పరిచాయి. ఎన్నాళ్ల తర్వాతో ఆయమ్మ ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

మంగళవారం పొద్దున, మొదటి పిల్ల ఎక్కకముందు, ఖాళీ బస్సులో డ్రైవరు తనంతట తానే మాట్లాడాడు.

"నిన్న మొదటిసారి అటు చూశానక్కా. ఇన్నాళ్లూ ఉత్త పుణ్యానికి భయపడ్డాను." కాస్త సిగ్గుపడ్డట్టు నవ్వాడు. "లైట్లు ఆర్పలేదు, గమనించావా? మీ నలుగురూ మలుపు తిరిగేదాకా వేసే ఉంచాను."

ఆయమ్మ చేతిలో అట్ట ఉంది. కాగితం మీద పేర్లు చూస్తున్నట్టు తల వంచుకుంది.

"నలుగురమా?" అంది.

"అదే… నువ్వు, పిల్లలిద్దరూ, పెద్దావిడ. మెల్లగానే అయినా మీతో సమంగానే నడిచింది."

అతను బస్సు తీశాడు.

సాయంత్రం దిగకుండా ఉండొచ్చు. ఒంట్లో బాగాలేదని చెప్పొచ్చు. కానీ దిగాల్సిన పిల్లలు ఇద్దరున్నారు. దిగింది. ఎడమచేత్తో అక్కను, కుడిచేత్తో తమ్ముణ్ణి పట్టుకుని నడక మొదలుపెట్టింది. షెడ్డు వైపు చూడలేదు. వెనక్కి చూడలేదు. అక్క లెక్కల పరీక్ష గురించి ఏదో చెబుతోంది. ఊఁ కొడుతోంది.

గోడ మలుపు దగ్గర, ఎందుకో, కుడిపక్కకు చూసింది.

తమ్ముడు హుషారుగా గెంతుకుంటూ నడుస్తున్నాడు. వాడి ఎడమచెయ్యి తన చేతిలో ఉంది. కుడిచెయ్యి మాత్రం ఊగడం లేదు. కాస్త పైకి లేచి ఉంది… వేళ్లు ముడుచుకుని… పెద్దవాళ్ల చెయ్యి అందుకున్నంత ఎత్తులో.