హెడ్‌ఫోన్లలో నా గొంతు

బొమ్మల చేత మాట్లాడించడమే ఈ చిత్రాల గ్యాలరీలో నా ఉద్యోగం. చూడవచ్చినవాళ్ళు హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే, గోడ మీది మనిషి తన కథ తానే చెప్పుకుంటున్నట్టు వినిపించాలి. రాసేదీ నేనే, చదివి రికార్డు చేసేదీ నేనే.

మూలగది బొమ్మలో ఆకుపచ్చ బట్టల్లో ఉన్న స్త్రీ ఎవరో మాత్రం తెలియదు. "ఇంత చప్పగా ఉంటే ఎవరాగుతారమ్మా? కాస్త ఉప్పూకారం తగిలించండి" అన్నారు మా పెద్దసారు. తగిలించాను. "మా అత్తగారి పాలలో విషం కలిపింది నేనే" అని ఆవిడ చేత అనిపించాను. రాస్తుంటే నాకే నవ్వొచ్చింది.

ప్రదర్శన మొదలైన మధ్యాహ్నం ఆ గది కిటకిటలాడింది. గోడలకు కొత్త రంగు వాసన. హెడ్‌ఫోన్లలోంచి సన్నగా బయటికొస్తున్న నా గొంతు. ఒక ముసలమ్మ బొమ్మకేసి చూసి, "ఛీ, మొహం చూస్తేనే తెలుస్తోంది" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. నోరులేని మనిషి మీద ఎంత నింద వేశాను! సిగ్గుతో ఆ బొమ్మ కళ్ళలోకి చూడలేకపోయాను. సాయంత్రమే ఆ ముక్క తీసేయించాలనుకున్నాను.

అంతలో మా ఆయన వచ్చారు. నిరుడు మా అత్తగారు మెట్ల మీంచి పడి చనిపోయాక, ఆయన నవ్వుతూ ఇల్లు కదలడం ఇదే మొదలు. "నీ గొంతు వినడానికే వచ్చాను" అంటూ ఆ బొమ్మ ముందు నిలబడి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారు.

నవ్వు ఆగిపోయింది. మొహం పాలిపోయింది...

"ఏమైందండీ?"

"అమ్మని... నువ్వు తోశావా?" గుసగుసగా అడిగారు.

"ఏం మాటలండీ అవి! ఆవేళ నేను ఆఫీసులో ఉన్నాను కదా!"

"నువ్వే చెప్తున్నావు. నీ గొంతే."

హెడ్‌ఫోన్లు లాక్కుని విన్నాను. పాలు, విషం... నేను రాసిందే. అంతకుమించి ఒక్క మాట లేదు.

"ఒట్టండీ, ఇందులో అలాంటిదేం లేదు..."

చుట్టూ ఉన్నవాళ్ళు మావైపు తిరిగారు. ఇందాక బొమ్మను చూసినట్టే ముసలమ్మ ఇప్పుడు నన్ను చూస్తోంది. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఆవేళ అమ్మ పిడికిట్లో పొడుగాటి వెంట్రుకలున్నాయి" అన్నారాయన. "ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నీకూ చెప్పలేదు. పడబోతూ నీ జుట్టు పట్టుకుందని... ఇప్పుడు నువ్వే చెప్పావు."

కాదని చెప్పబోయాను. మెడ వెనక చురుక్కుమంది.

చెయ్యి పెట్టి చూసుకున్నాను. జడ కింద, బొటనవేలంత మేర... వెంట్రుకల్లేవు. ఎప్పుడో మానిపోయిన పాత దెబ్బలా నున్నగా ఉంది.

పొద్దున తల దువ్వుకున్నప్పుడు అక్కడ జుట్టుంది.