కన్నం ఉన్న పెట్టె

గ్రానోస్ గేటు అంటారు గానీ, అక్కడ గేటూ లేదు, కాపలావాడూ లేడు. అడవి మధ్య రెండు పట్టాలు, వాటిని దాటే మట్టిరోడ్డు — అంతే. రెండేళ్లుగా దానికి చెడ్డపేరు. చీకటి పడ్డాక అక్కడ బండి ఆపితే దబ్... దబ్... అని వినిపిస్తుందట. పాట ఉండదు, గొంతు ఉండదు. ఒట్టి దెబ్బలే.

ఎపా బండ్లు నడిపే పిల్లలు కూడా అక్కడికి రాగానే స్పీకరు కట్టేస్తారు. పాత కారుకు వెనక ఎర్ర త్రికోణం తగిలించుకుని, పదిహేనేళ్లకే స్టీరింగు పట్టి, గంటకు ముప్ఫై దాటకుండా ఊరంతా అదరగొట్టే మొండిఘటాలు వాళ్లు. ఇంకెక్కడా, ఎవరు తిట్టినా కట్టరు.

రెండేళ్ల కిందట ఒకడు అక్కడా కట్టలేదు. వడ్రంగి సిక్స్టెన్ కొడుకు హాంపుస్. దుంగల రైలు కూత వాడికి వినిపించలేదు.

ఆ బండిలో మోగిన స్పీకరు పెట్టె సిక్స్టెన్ చేసిందే. మూసిన పెట్టె చాలురా అన్నాడు. కన్నం ఉంటే మోత ఎక్కువ నాన్నా అన్నాడు వాడు. సరే అన్నాడు తండ్రి. ఆ ఒక్క మాట ఇప్పటికీ అతన్ని నిద్రపోనివ్వదు.

అలాంటివాడి దగ్గరికి మొన్న నవంబరులో, పట్టాల అవతల ఉండే టూవా అనే పిల్ల స్పీకరు చంకన పెట్టుకుని వచ్చింది. దానికీ ఈమధ్యే పదిహేను నిండాయి.

“బాబాయ్, దీనికి పెట్టె చేసిపెట్టు. కన్నం ఉన్నదే కావాలి.”

సిక్స్టెన్ పై పెదవి కింద పొగాకు పొట్లం సర్దుకున్నాడు. “మూసిన దాంట్లో దెబ్బ శుభ్రంగా పడుతుందే. రోడ్డు మీద చప్పుళ్లూ నీ చెవిన పడతాయి.”

“శుభ్రం మా అమ్మమ్మకి కావాలి. నాకు మోత కావాలి.”

“మరి ఆ గేటు దగ్గర...”

“కట్టేస్తాలే బాబాయ్. ఒట్టు!”

హాంపుస్ కూడా ఒట్టే పెట్టాడు. అయినా సిక్స్టెన్ కాదనలేకపోయాడు. ఏం మనిషో! అదే పెట్టె, అవే కొలతలు. పలకలకు జిగురు పూసి, స్క్రూలు బిగించి, స్పీకరు కూర్చోబెట్టాడు. ముందు పలకలో పిడికిలి పట్టేంత గుండ్రటి కన్నం కోశాడు.

ఇచ్చి వద్దామని బయల్దేరేసరికి సాయంత్రం నాలుగు. ఆ ఉత్తరాది చలికాలంలో అప్పటికే చిమ్మచీకటి. వ్యానులో అతనొక్కడే. వెనక పెట్టె, దాని తీగలు రెండూ దేనికీ కలపకుండా వేలాడుతున్నాయి.

చక్రాలు పట్టాల మీదికి ఎక్కాయో లేదో —

దబ్.

బ్రేకు వేశాడు.

దబ్... దబ్...

వెనకనుంచే. రెండు దెబ్బలు, ఒక ఆగుడు, మళ్లీ ఒకటి. ఆ వరస అతనికి తెలుసు. ఒక చలికాలమంతా తన ఇంటి గోడల్ని అదరగొట్టిన వరస అది. కట్టరా వెధవా అని వందసార్లు అరిచి ఉంటాడు దాని మీద.

“హాంపుస్?” అన్నాడు గుసగుసగా.

దబ్.

వినడానికి అడ్డమని ఇంజను కట్టేశాడు. పట్టాల మీద ఉన్నానని తెలుసు. తెలిసీ ముందుకు పోలేకపోయాడు. వెనక్కి పాకి కన్నానికి చెవి ఆనించాడు. లోపలినుంచి గాలి... వస్తోంది, పోతోంది. ఎవరో పరుగెత్తి వచ్చి ఆయాసపడుతున్నట్టు.

“ఒక్క మాట చెప్పరా నాన్నా... ఒక్కటి...”

దెబ్బలు పెరిగాయి. చెవి నిండింది, తల నిండింది. లోకంలో ఇంకో చప్పుడు లేదు. అలాగే ఉండిపోతే చాలనిపించింది అతనికి.

అంతలో ఆగిపోయింది — సగం దెబ్బలో.

ఆ నిశ్శబ్దంలో రైలు కూత. చాలా దగ్గర్లో.

ముందు సీట్లోకి ఎలా దూకాడో, తాళం ఎలా తిప్పాడో అతనికే తెలియదు. వ్యాను పట్టాలు దిగింది. దాని వెనకే దుంగల రైలు, వ్యాను అద్దాలు అదిరేలా, వెళ్లిపోయింది.

బతికినందుకు సంతోషం కలగలేదు. స్టీరింగు మీద తల ఆనించి, ఇంకొక్కసారిరా, ఇంకొక్కసారి అని బతిమాలాడు. పెట్టె పలకలేదు. గాలి కూడా రాలేదు.

టూవా ఇంటి వాకిట్లో దీపం వెలుగుతోంది. పిల్ల పరుగెత్తుకొచ్చి వ్యాను తలుపు తీసింది.

“ఇదేంటి బాబాయ్! కన్నం, కన్నం అని నెత్తీ నోరూ కొట్టుకుంటే మూసేసి తెచ్చావా?”

“ముందు పలక చూడవే. కళ్లు లేవా?”

“ఏదీ? నువ్వే చూడు!”

సిక్స్టెన్ వంగి చేత్తో తడిమాడు. కన్నం ఉండాల్సిన చోట పలక. సందు లేకుండా, గోరు కూడా దూరకుండా. వేలికి ఏదో చురుక్కున గుచ్చుకుంది. చుట్టూ నాలుగు స్క్రూల మొనలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. తలలు ఎక్కడా లేవు.

అతను చెయ్యి తియ్యలేదు. వేలినుంచి రక్తం కారుతున్నా ఆ పలక మీదే ఉంచాడు.

టూవా గొంతు తగ్గిపోయింది.

“బాబాయ్... లోపలినుంచి ఎలా బిగించావు?”