వలసటోపీ హోంవర్కు

తొమ్మిదో తరగతి డైరీలు చదివి వకుళ టీచర్ తల పట్టుకుంది. అంగారకుడి మీద, గాజు గుమ్మటం కింద ఉన్న కొత్తదివి కాలనీ పిల్లలు సముద్రం ఎరగరు. అందుకే రెండున్నర శతాబ్దాల కిందట కాకినాడ నుంచి రంగూన్‌కు ఓడలో వెళ్ళిన కూలీలుగా తమను ఊహించుకుని డైరీ రాయమంది. ఊహకు సాయంగా ఇంజనీరు దైవాధీనం 'వలసటోపీ' తయారుచేశాడు. తలకు పెట్టుకుంటే అందులోని ఎలక్ట్రోడ్లు మెదడులోని ఇంద్రియకేంద్రాలను కదిలిస్తాయి. అరగంటసేపు ఓడ ఊగుతుంది, నాలుక పిడచకట్టుకుపోతుంది, కడుపులో దేవుతుంది.

డైరీలు అద్భుతంగా వచ్చాయి. చిక్కంతా అక్కడే.

"'నా బీపీ మాత్రలు అయిపోయాయి, పెళ్ళాం గుర్తొస్తోంది' అని పద్నాలుగేళ్ళ పిల్ల రాస్తుందా దైవాధీనం గారూ?"

అతను టోపీల రికార్డు తెరిచి చూసి నవ్వాడు. "ముప్ఫై ఒక్క టోపీలూ పెద్దవాళ్ళే పెట్టుకున్నారండీ."

"మార్కుల కోసం! కుక్కతోక ఏ గ్రహం మీదైనా వంకరే. పిల్లల హోంవర్కు వీళ్ళు చేయడం ఎప్పటికి మానతారు?"

"పోనిద్దురూ. రేపు ఓటు వేసేది పెద్దవాళ్ళేగా?"

వకుళ కోపం సగం దిగింది. భూమి మీద మునిగిపోయిన తీరాల నుంచి వచ్చిన నాలుగువందల మందితో ఒక నౌక మూడు వారాలుగా కక్ష్యలో తిరుగుతోంది. అందులో ఆమె చెల్లెలు సుభాషిణి ఉంది. దిగనివ్వాలా వద్దా అన్నది కాలనీ ఓటు తేల్చాలి. కాదంటే వెనక్కి పోవాల్సిందే. పోవడానికి వాళ్ళకు ఊరే మిగల్లేదు. వకుళ ఆ డైరీలన్నిటికీ ధారాళంగా మార్కులు వేసింది.

మర్నాడు ఫలితం వచ్చింది. వద్దన్నవాళ్ళే ఎక్కువ. ఒళ్ళు మండిపోయి, వకుళ నేరుగా కాలనీ అధ్యక్షుడు ముత్యాలరావు గదికి వెళ్ళింది.

"మీ అమ్మాయి డైరీ మీరే రాశారని నాకు తెలుసు. ఏడుస్తూ రాశారట కూడానూ! ఆ కష్టం తెలిసీ ఎలా వద్దన్నారండీ?"

"తెలిసే వద్దన్నామమ్మా."

ముత్యాలరావు కొత్తదివిలోనే పుట్టాడు. యాభై ఏళ్ళలో ఒక్కనాడూ గుమ్మటం దాటి బయట అడుగుపెట్టలేదు. అయినా ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి.

"ఆ రంగూన్ ఓడలో మేం ఎంత నరకం పడి వచ్చామో మీకేం తెలుసు టీచరుగారూ? వీళ్ళు ఊరికే వచ్చి దిగిపోతారా?"