పన్నెండో పేరు

కిడ్నీలు పాడయ్యాక ఉషారాణికి రోజుకిన్ని నీళ్లని డాక్టరు కొలత పెట్టాడు. పొద్దుటి మాత్రలు రెండు గుక్కలతో మింగి, గ్లాసు మీద మూత పెట్టింది. ఆరోజు డయాలసిస్‌. ఏడున్నరకల్లా పలాస ఆసుపత్రికి బయలుదేరాలి.

భర్త కూర్మారావు నిన్ననే ఢిల్లీ నుంచి వచ్చాడు. లోక్‌సభలో వాళ్ల పార్టీకి ఆయనొక్కడే ఎంపీ. పెద్ద పార్టీలవాళ్లంతా మాట్లాడాక, చివర్లో పిలిచి రెండు నిమిషాలిస్తారు. ఏడేళ్లుగా ఆ రెండు నిమిషాలే ఆయన రాజకీయం.

కూతురు తనూజ ఇడ్లీ పళ్లెం తండ్రి ముందు ఠక్కున పెట్టింది.

“వారం రోజులు నాతో కూకుని రాసుకున్నావు గదా నాన్నా! మన ఊళ్లోనే డయాలసిస్‌ మిషన్లు పెట్టమని అడగాల. ఆ ఒక్క ముక్కా అడగలేదు.”

“పేర్లయ్యాక అడుగుదామనుకున్నానమ్మా.”

“పేర్లేటి నాన్నా? అది లోక్‌సభా, మన కొబ్బరితోటలో మీటింగా?”

తమ ఉద్దానంలో కూర్మారావు ఏ మీటింగు పెట్టినా, ఈ కిడ్నీ జబ్బుతో పోయినవాళ్ల పేర్లు చదివి, అందరూ లేచి నిలబడ్డాకే మాట మొదలవుతుంది. ఇరవయ్యేళ్ల అలవాటు. అక్కడా అలాగే మొదలుపెట్టాడు. పదకొండో పేరు దగ్గర గంట మోగింది. మైకు ఆగిపోయింది.

“పెద్ద పార్టీలో కలిసిపొమ్మంతన్నారు,” అన్నాడు మెల్లగా. “పది నిమిషాలిత్తారట. కాకపోతే ఆల్లు రాసిచ్చిందే సదవాల.”

“మరి అమ్మ? వారానికి మూడుపాల్లు ఇలా తిరిగి ఎన్నాల్లు తట్టుకుంటాది?”

ఊరుకోమనబోయింది ఉషారాణి. కానీ ఆ పిల్ల అడుగుతున్నది తనకోసమే.

అంతలో పక్కింటి అసిరమ్మ ఆకులో పనసతొనలు పట్టుకుని వచ్చింది.

“తమ్ముడా! టీవీలో మా ఆయన పేరు సదివేవు. ఢిల్లీలో, అంత పెద్దోల్ల మద్దిన! మల్లీ మల్లీ ఏయించుకుని సూసేను.” కళ్లు తుడుచుకుంది. “మరి మా పెద్దోడి పేరు సదవలేదేటి?”

అది పన్నెండో పేరు.

కూర్మారావు ఇడ్లీ పళ్లెం పక్కకు జరిపాడు. తనూజ ఏమంటుందోనని ఉషారాణి కూతురికేసి తిరిగింది.

తనూజ ఆకు అందుకుని, అసిరమ్మను కుర్చీలో కూర్చోబెట్టింది.

“మల్లీపాలి బావ పేరే ముందు సదువుతాడత్తా,” అంది.

“మల్లీపాలంటే ఎప్పుడే?”

తనూజ తండ్రి వైపు చూసింది. ఆయనా కూతురి వైపే చూస్తున్నాడు.

“మల్లీ ఆ రెండు నిమిషాలకీ పిలిసినప్పుడు, అప్పా,” అన్నాడు.

ఉషారాణి లేవబోయి తూలింది. తండ్రీ కూతురూ ఒక్కసారే వచ్చి చెరో చెయ్యీ పట్టుకున్నారు.